తెల్లగుడ్డ

సుబేదార్ గొర్లె సింహాద్రి ఏ ప్రశ్నకీ కూర్చుని జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని మైదానంలోకి నడిచేవాడు. ఆ సైనిక శిక్షణ కేంద్రంలో సిపాయి మొదలు అధికారి దాకా ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు.

ఒక ఉదయం లెఫ్టినెంట్ శశిభూషణ్ ఆయన దగ్గరికి వచ్చాడు. ముప్ఫై మంది జవాన్లను తీసుకుని తొమ్మిది రోజుల్లో సరిహద్దుకి వెళ్లాలి. నిద్రలేక ముఖం పీక్కుపోయి ఉంది.

"ఉస్తాద్, ఇప్పటి యుద్ధం వేరు. డ్రోన్ పైనుంచి మనిషిని ఏరి మరీ కొడుతుంది. రేడియోలు మూగబోతాయి. ఈ తొమ్మిది రోజుల్లో మా కుర్రాళ్లకి ఇంకా ఏం నేర్పాలి? రోజుకి పదిసార్లు చెప్తున్నాను. నేను పక్కన లేకపోతే అన్నీ మరిచిపోతారేమోనని భయంగా ఉంది."

సింహాద్రి టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఆనాటి అభ్యాసం వాగు దాటి అవతలి గట్టు పట్టుకోవడం. పైన శిక్షణ డ్రోన్ ఒకటి జుమ్మని తిరుగుతోంది. దళం ఒడ్డుకి చేరగానే సింహాద్రి జేబులోంచి తెల్లగుడ్డ తీసి శశిభూషణ్ చేతికి కట్టాడు. "ఆ డ్రోన్ మిమ్మల్ని చూసేసింది సాబ్. మీరు పోయారు. ఈ రాయి మీద కూర్చోండి."

ముప్ఫై మందీ ఆగిపోయారు, తలదాచుకోను పొద కూడా లేనిచోట. హవల్దార్ రేడియో చెవికి ఆనించాడు. గరగర తప్ప ఏమీ లేదు. అందరి కళ్లూ రాయి మీదికే.

శశిభూషణ్‌కి ఉండబట్టలేదు. "ఎడమ పక్కకి పొండి! అక్కడ లోతు లేదు!" అని అరిచాడు.

"చచ్చినవాడు మాట్లాడకూడదు సాబ్."

"వాళ్లూ చస్తారు ఉస్తాద్!"

సింహాద్రి ఇంకో గుడ్డ తీశాడు. మధ్యాహ్నానికల్లా ముప్ఫై చేతులకీ తెల్లగుడ్డలే. "సాబ్ దయ్యమై కూడా డ్యూటీ చేస్తున్నార్రా," అన్నాడు వెనక వరసలో ఒకడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు.

మర్నాడూ అంతే అయింది. మూడోనాడు శశిభూషణ్ మ్యాపు నేల మీద పరిచి, అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకో, ఒక దారి మూసుకుపోతే వేరే దారి ఏదో, అంతవరకూ తన ఒక్కడి దగ్గరే ఉంచుకున్నదంతా చెప్పాడు. చెబుతుంటే అతనికే సిగ్గేసింది.

ఆరోనాటికి వాన పడి వాగు పెరిగింది. ఈసారి హవల్దారుకి కూడా తెల్లగుడ్డ పడింది. దళం క్షణం సేపు తటపటాయించింది. అప్పుడు అప్పలస్వామి, హాజరు పిలిచినప్పుడు తప్ప నోరు విప్పనివాడు, "ఎడమ పక్క ఒడ్డు జారిపోయింది. ముగ్గురేసి విడిపోయి దిగువ నుంచి పదండి," అన్నాడు.

"ఎడమ పక్కకి" అనే మాట శశిభూషణ్ నాలుక చివరిదాకా వచ్చి ఉంది. పిడికిలితో నోరు నొక్కుకున్నాడు. కుర్రాళ్లు చెదిరిపోయి, నీళ్లలో దిగి, ఒక్కొక్కరే అవతలి గట్టెక్కి కనుమరుగయ్యారు.

అతను చాలాసేపు అటే చూశాడు. "ఒక్కడూ వెనక్కి తిరిగి నావైపు చూడలేదు ఉస్తాద్," అన్నాడు.

సింహాద్రి అతని చేతి ముడి విప్పి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక మీరు వాళ్లతో వెళ్లొచ్చు సాబ్," అన్నాడు.