ఎందుకైనా మంచిదని చల్లిన సున్నం

వామనరావు మాస్టారిని ప్రశ్న అడగడమంటే కోరి పని తెచ్చుకోవడమే. ఆయన జవాబు చెప్పరు. చీపురో, బకెట్టో, కత్తెరో చేతికిచ్చి పంపించేస్తారు. చేపల కాలేజీలో జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఇక చెప్పడం వల్ల ఎవరికీ ఏమీ రాదని తేల్చుకున్నారో ఏమో, నూజివీడు పక్కన మెట్ట మీద చిన్న తోట వేసుకుని, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ చేత చాకిరీ చేయించి, దాన్నే చదువంటారు. శిష్యులు విసుక్కుంటారు, గొణుక్కుంటారు, మర్నాడు మళ్ళీ వస్తారు.

ఆకివీడు నుంచి వచ్చిన పెద్దిరాజుకి ఈ పద్ధతి వారం తిరక్కుండానే చిరాకెత్తించింది. అతను చెరువుల్లో చేపలు పెంచి పైకొచ్చిన మనిషి. ఒకే నీళ్ళతో చేపల్నీ కూరల్నీ కలిపి పెంచడం నేర్చుకుందామని వచ్చాడు. కానీ గుండెలో గుచ్చుకుంటున్న ప్రశ్న వేరే ఉంది. ఒక మధ్యాహ్నం మాస్టారు భోంచేసి వసారాలో కూర్చున్నప్పుడు ఇక ఆపుకోలేక అడిగేశాడు.

“మాస్టారూ, మా అమ్మాయి ప్రణతి విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోందండి. ఈ సెలవులకి ఇంటికి రాదంట. మేనత్త ఇంటికెళ్ళిపోద్దంట. వాళ్ళమ్మతో రోజూ మాట్లాడుద్దండి, నేను ఫోనందుకునేసరికి పెట్టేస్తది. అడక్కముందే అన్నీ పంపుతానండి. ఏసీ గది, కొత్త ఫోను, పూతరేకులు, పచ్చళ్ళు, ఒకటేంటండి! ఆ పిల్లకి నేనేం తక్కువ చేశానంటారు? ఇంకా ఏమివ్వాలంటారు?”

మాస్టారు పుల్లతో పళ్ళు కుట్టుకున్నారు. “ఆ చివరి తొట్టి చూసే దిక్కు లేదు. రేపట్నుంచి నువ్వు చూసుకో,” అన్నారు.

పెద్దిరాజుకి ఒళ్ళు మండింది. కన్నకూతురు ముఖం చూడనంటోంది మొర్రో అంటే తొట్టి అంటాడేమిటి ఈ పెద్దమనిషి! అయినా పెద్దవాడు, గురువు. నోరు మూసుకుని తొట్టి దగ్గరికి నడిచాడు.

తొట్టిలో తిలాపియా చేపలు. పక్కనే కాస్త ఎత్తులో కంకర నింపిన మడి, అందులో పాలకూర, టమాటా. మోటారు చేపల నీళ్ళని మడిలోకి తోడుతుంది. చేప తిన్న మేత మలినమై నీళ్ళలో కలిస్తే, కంకర రాళ్ళని పట్టుకుని బతికే కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని మొక్కకి ఎరువుగా మారుస్తాయి. మొక్క తనకి కావలసింది తీసుకుని, తేటపడ్డ నీళ్ళని కింద చేపలకి వదులుతుంది. ఇంత చక్కగా తిరిగే వ్యవహారంలో మనిషి చేయాల్సింది తక్కువ. “చేపలు తిన్నంత మేత వెయ్యి. తక్కిన పొద్దంతా చూస్తూ కూర్చో,” అని మాస్టారు అక్కడికీ చెప్పారు. చూస్తూ కూర్చోవడం పెద్దిరాజు ఒంట్లో లేదు.

కొన్నాళ్ళకి పాలకూర లేత ఆకులు పసుపు తిరిగాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి, మధ్యలో ఆకంతా పాలిపోయింది. మాస్టారు వచ్చి ఆకు తిప్పి చూసి, ఇనుము లోపంలా ఉందని ఇనుము కలిసిన ఎర్రపొడి కాస్త ఇచ్చారు. పెద్దిరాజు కలిపాడు. ఆకు మారలేదు. ఇంకా పాలిపోయింది. టమాటా కొసలు కూడా పసుపెక్కాయి. పెద్దిరాజుకి కంగారు పుట్టింది. మేత ఎక్కువేస్తే చేప ఎక్కువ తింటుంది, మలినం పెరుగుతుంది, మొక్కకి బలం దండిగా అందుతుంది, ఇంతే కదా లెక్క అనుకుని దోసిళ్ళతో మేత గుమ్మరించాడు. మొక్కలు అతని ముఖమైనా చూడలేదు. ఇంత పెడుతున్నా ఈ పాడు మొక్కలకి ఏం రోగమని వాటినే తిట్టుకున్నాడు.

ఒక ఉదయం వెళ్ళేసరికి చేపలన్నీ నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఎగశ్వాస తీస్తున్నాయి. రెండు మూడు అప్పటికే వెల్లకిలా తేలిపోయాయి. పెద్దిరాజు పెట్టిన కేకకి మాస్టారు పళ్ళు తోముకుంటున్నవారు అలాగే పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ కలిసి సగం నీళ్ళు తోడేసి, పెద్ద ట్యాంకులో పట్టి ఉంచిన వాన నీళ్ళు నింపారు. చేపలు ఒక్కొక్కటే అడుక్కి దిగాక, మాస్టారు తోడేసిన నీళ్ళున్న బకెట్టు ముందు గొంతుక్కూర్చున్నారు.

“ఈ నీళ్ళల్లో ఏం కలిపావయ్యా?”

“ఏం కలపలేదండి.”

“మేత మితిమీరి వేశావు, అది కనబడుతూనే ఉంది. అది కాక?”

“అది కాక మీరిచ్చిన ఇనుము పొడండి. అంతే. ఒట్టు.”

మాస్టారు జేబులోంచి నీళ్ళలో క్షారముంటే రంగు మారే కాగితం తీసి బకెట్టులో ముంచారు. కాగితం ముదురు నీలానికి తిరిగింది. ఆయన దాన్నీ, పెద్దిరాజునీ మార్చి మార్చి చూశారు.

“సున్నం వేశావా?”

“సున్నవా? వేశానండి. రోజూ పొద్దున్నే గుప్పెడు.”

“మరి ఏమీ కలపలేదన్నావు!”

“సున్నం కలపడం కూడా కలపడమేనాండి?” అన్నాడు పెద్దిరాజు. అబద్ధమాడలేదు పాపం, నిజంగానే ఆశ్చర్యపోయాడు. అతని ఊళ్ళో చెరువుకి సున్నం చల్లడాన్ని పని కింద ఎవరూ జమ కట్టరు. నీళ్ళ రంగు మారితే సున్నం, మబ్బు పడితే సున్నం, పక్కవాడి చెరువులో చేప చస్తే తన చెరువులో సున్నం. గట్టు మీద సున్నం బస్తా లేకపోతే పెద్దిరాజుకి నిద్ర పట్టదు. ఇక్కడికొచ్చిన మర్నాడే బజారుకెళ్ళి తెచ్చుకున్నాడు.

“ఎందుకు వేశావు?”

“ఎందుకైనా మంచిదనండి.”

మాస్టారు నెత్తి పట్టుకున్నారు. జవాబులు చెప్పని మనిషికి ఆ పూట ఓపిక పూర్తిగా తెగిపోయింది. “ఎందుకైనా మంచిదట! మీ చెరువంటే ఎకరాల కొద్దీ నీళ్ళు, అడుగున బురద. నువ్వు బస్తాలు పోసినా మింగి ఊరుకుంటుంది. ఇది తొట్టయ్యా బాబూ! ఇనుము లేక ఆకు పాలిపోలేదు. ఇనుము ఆ నీళ్ళల్లోనే ఉంది. నీ సున్నం పడ్డ నీళ్ళల్లో అది వేరుకి అందడం మానేసింది. అందక మొక్క వాడుతుంటే నువ్వు చాల్లేదనుకుని ఇంకా గుమ్మరించావు. ఆ మలినమంతా సున్నపు నీళ్ళల్లో విషమై చేపల్ని పట్టుకుంది. నువ్వు పెట్టిందానికేం లోటు లేదు. అందనిచ్చావా?”

పెద్దిరాజు తల దించుకున్నాడు. “ఇప్పుడేం వెయ్యమంటారండి?” అని మాత్రం అడిగాడు.

“ఏమీ వెయ్యకు!” అని అరిచి మాస్టారు ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఏమీ వెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో పెద్దిరాజుకి ఆ రోజుల్లో తెలిసొచ్చింది. చెయ్యి దురద పెట్టేది. రెండుసార్లు సున్నం బస్తా దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. చివరికి తనమీద తనకే నమ్మకం లేక, బస్తా మోసుకెళ్ళి గోడకి వెల్ల వేస్తున్న పక్క తోటవాళ్ళకి ఇచ్చేశాడు. మేత కొంచెం కొంచెమే వేస్తూ, చేపలు తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు వాటంతటవే మెల్లగా దారికొచ్చాయి. పసుపెక్కిన పాత ఆకులు అలాగే ఉండిపోయాయి. నడుమ నుంచి వచ్చిన కొత్త ఆకు మాత్రం నిండు పచ్చగా విచ్చుకుంది. పెద్దిరాజు దాన్ని చూసి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేశాడు. భార్య పిల్ల కబుర్లు చెప్పింది. సెలవుల సంగతి ఇంకా తేలలేదంది.

“మన తోట మావిడిపళ్ళు ఒక బుట్ట పంపించు,” అన్నాడు పెద్దిరాజు. “పంపించి, అమ్మాయితో చెప్పు. ఆ పక్క గది పిల్లతో మరీ పూసుకు తిరగొద్దను. ఫోను రాత్రిళ్ళు వార్డెను దగ్గర పెట్టమను. సినిమాకని గేటు దాటిందంటే నాకు తెలుస్తదని చెప్పు. ఏం లేదు, ఎందుకైనా మంచి…”

మాట నోట్లోనే ఉండిపోయింది. అవతల భార్య “వింటున్నారా? ఏవండీ?” అంటోంది. పూతరేకులతో పాటు ఏం చెప్పి పంపాడో, కొత్త ఫోను చేతిలో పెడుతూ ఏమన్నాడో, ఏసీ గదికి డబ్బు కట్టి ఏం షరతు పెట్టాడో, పెద్దిరాజుకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పిల్లకి ఒక్కటంటే ఒక్కటి ఉత్తగా ఇచ్చిన పాపాన పోలేదు. బుట్ట సంగతి తర్వాత చూద్దామని ఫోను పెట్టేశాడు.

మర్నాడు మాస్టారు టమాటా తీగకి పురికొస కడుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

“ఆదివారం విజయవాడ వెళ్ళొస్తానండి. అమ్మాయిని చూసి.”

“వెళ్ళు.”

“ఏం పట్టుకెళ్ళమంటారండి?”

“ఏమీ వద్దు.”

“వట్టి చేతుల్తోనా? సరేనండి. వెళ్ళి ఏం చెప్పమంటారు?”

“ఏమీ చెప్పకు.”

పెద్దిరాజు ఇక తట్టుకోలేకపోయాడు. “పట్టుకెళ్ళొద్దు, చెప్పొద్దు! మరి అంత దూరం ఎందుకండి నేను వెళ్ళడం?”

“కూర్చోడానికి.”

“కూర్చుంటానండి. అది కూడా పలక్కుండా కూర్చుంటే?”

మాస్టారు ముడి బిగించి, మిగిలిన పురికొస పళ్ళతో తెంపారు.

“పై ఆదివారం కూడా బస్సులు నడుస్తాయి కదయ్యా,” అన్నారు.