దారి ఇచ్చిన దేవత

పూర్వం, జపాను దేశపు ఉత్తర కొండల్లో, ఏడు మలుపుల కనుమకు ఇవతలనున్న మా ఒనోసావా గ్రామంలో పన్నెండు ఇళ్లే ఉండేవి. తగాదాలు మాత్రం ఇప్పటికంటే తక్కువేమీ కావు. ఆ కనుమ శిఖరాన, సరిగ్గా దారి నడుమ, రొమ్ము ఎత్తున ఒక నల్లరాయి నిలిచి ఉండేది. అది ఏ దేవతదో, ఎవరు నిలిపారో తెలిసినవారు లేరు. ఉప్పు మూటలు మోసేవారికి భుజాలు తగిలి, బరువులు ఒరిగి, ఆ రాయిని తిట్టకుండా దాటినవాడు లేడు. మా పూర్వులు పరమ భక్తులని మేం చెప్పుకుంటూ ఉంటాం గాని, ఆ తిట్లలో చాలావరకు ఈనాటికీ మా ఊళ్లో వాడుకలో ఉన్నాయి.

ఒక్క తోసే అనే ఆవిడ మాత్రం తిట్టేది కాదు. ఆమె భర్త పోయి పదేళ్లయిన విధవరాలు, బిడ్డలు లేనిది. కనుమకు అవతలి ఊరికి ఇచ్చిన చెల్లెలు రియో తప్ప ఆమెకు వేరే రక్తసంబంధం లేదు. చెల్లెల్ని చూడబోయినప్పుడల్లా ఆ రాయి నెత్తిన పేరుకున్న మంచును చేతి గుడ్డతో తుడిచి, "దారికి అడ్డమైతే మాత్రం ఏం, ఇంత చలిలో నిలబడ్డావు గదా తల్లీ" అని, పక్కనుంచి ఒదిగి వెళ్లేది.

శీతకాలంలో మా కొండలు ఎక్కడానికి ఒక ఆచారం ఉంది. లేత కొమ్మను గుండ్రంగా వంచి, తాళ్లు అల్లిన చట్రాలను పాదాలకు కట్టుకుంటాం. వాటిని కంజికి అంటాం. అందరూ ఒకే వరుసలో నడుస్తారు. ముందున్నవాడు కొత్త మంచును తొక్కి దారి వేస్తాడు. సరిగ్గా వంద అడుగులు కాగానే పక్కకు తప్పుకుని, నడుము వంచి, "మీ వంతు" అని వరుస చివరికి చేరతాడు. ముందే ఉండాలని పంతం పట్టినవాడికి చెమట పడుతుంది, ఆ చెమట ఒంటిమీద గడ్డకడుతుంది, వాడిని వసంతంలో వెతుక్కోవాలి. వరుసలో మొదటి వంతు ఊరిపెద్ద ఇంటిది. మగదిక్కు లేని ఇంటికి వరుసలో చోటే లేదు. ఆ ఇంటివారు ఇతరులు తొక్కిన దారిలో వెనక నడవవచ్చు, అంతే.

ఒక ఏడు, చలి ముదిరిన రోజుల్లో, అవతలి ఊరి ఉప్పు బేరగాడు పొద్దుగూకే వేళకు కుంటుకుంటూ దిగి వచ్చాడు. రియోకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయనీ, మూడు రోజులుగా నీళ్లు కూడా కడుపులో నిలవడం లేదనీ చెప్పాడు. తోసే ఎండబెట్టి దాచుకున్న చేదువేరు కషాయం పోస్తే తప్ప మరునాటి సాయంత్రం దాటదని అక్కడి పెద్దలు అన్నారట. అతడి చీలమండ బెణికింది గనుక వేరు తీసుకుని తిరిగి వెళ్లలేడు. తెల్లవారి బయలుదేరవచ్చులే అనుకుంటే, ఆ రాత్రి తెరిపి లేకుండా మంచు పడి, ఉన్న దారి కాస్తా మాయమైంది.

తెల్లవారగానే ఇంటికొకరు చొప్పున మగవాళ్లందరూ కంజికి కట్టుకుని ఊరి చివర నిలబడ్డారు. మా ఊరివాళ్లు మనసున్నవాళ్లే. నిలబడ్డారు, కానీ కదల్లేదు. ఎందుకంటే చోస్కె అనేవాడి ఇంటి కప్పు ఆ ఏడే ఊరిపెద్ద గెన్‌బెయి ఇంటి కప్పుకంటే జానెడు ఎత్తు లేచింది. ఆ కారణంగా మొదటి వంతు ఇక తనదని చోస్కె వాదన.

"మా తాత తొక్కాడు, మా నాన్న తొక్కాడు. ఈ కొండమీద మొదటి అడుగు మా ఇంటిది" అన్నాడు గెన్‌బెయి.

"వాళ్లు తొక్కారు బాబాయ్, ఎవరు కాదన్నారు? నిరుడు మీరు మొదటి మలుపులోనే కూర్చుండిపోయారు గదా!"

"కంజికి తాడు తెగిందిరా!"

"నాలుగుసార్లు తెగింది."

తోసే వేరు మూటను నడుముకు కట్టుకుని వచ్చి చేతులు జోడించింది. "పెద్దయ్యా, పొద్దుగూకేలోగా ఇది అందకపోతే నా చెల్లెలు దక్కదు. ఎవరు ముందైతే ఏం, కదలండి."

"కదులుతాం తోసేమ్మా, వరుస తేలనీ. వరుస లేకుండా కొండ ఎక్కితే నలుగురూ నవ్వరూ?" అన్నాడు గెన్‌బెయి.

నవ్వడానికి ఆ మంచులో ఆ నలుగురు ఎక్కడ ఉన్నారో మా పెద్దలెవరూ చెప్పలేదు. తోసే ఇంటికి వెళ్లి, చనిపోయిన భర్త కంజికి దింపి, కాళ్లకు బిగించి, పశువుల పాక వెనకనుంచి ఒంటరిగా కొండదారి పట్టింది.

మోకాళ్లు దాటి దిగబడే మంచులో ఆమె ఒక్కొక్క అడుగే లెక్కపెడుతూ తొక్కింది. వంద కాగానే పక్కకు తప్పుకుని, నడుము వంచి, ఎవరూ లేని వెనకదారికి "మీ వంతు" అని చెప్పింది. నాలుగు ఊపిరులు ఆగి, ఎవరూ రాకపోగా, "అయితే మళ్లీ నేనే" అని ముందుకు నడిచింది. అది పిచ్చి కాదు. కొండమీద అలా తప్పుకోవడమే విశ్రాంతి అని ఆమె భర్త నేర్పాడు. ఆమెకు తెలిసిన నడక అదొక్కటే. దేవదారు కొమ్మలనుంచి మంచు జారిపడే చప్పుడు తప్ప అంతటా నిశ్శబ్దం. మూడో మలుపు దాటింది, నాలుగో మలుపు దాటింది. ఐదో మలుపుకు వచ్చేసరికి పొద్దు నడినెత్తిన ఉంది, కాళ్లలో సత్తువ అయిపోయింది. వందో అడుగున తప్పుకుని, "మీ వంతు" అని వంగిన మనిషి వెంటనే లేవలేకపోయింది.

ఎంతసేపటికో తల ఎత్తి చూస్తే, ఎదుట మంచు తొక్కి ఉంది. మనిషి అడుగుల జాడ లేదు. ఏదో మహాభారం నిలువునా నడిచి వెళ్లినట్టు లోతుగా, గట్టిగా, బాట పడి ఉంది. తోసే భయపడలేదు. ఆ బాటలో నడుస్తూ లెక్కపెట్టింది. సరిగ్గా వంద అడుగుల దగ్గర బాట ఆగింది. దాని అంచున, ఎవరో బరువైనవారు పక్కకు తప్పుకుని నిలబడ్డట్టు, మంచులో ఒక గుంట ఉంది. ఆ పైన అంతా తాకని మంచు.

దేవతే దారి వేస్తున్నదని గ్రహించి, అక్కడే చేతులు జోడించి కూర్చుని, మిగతా కొండ కూడా తొక్కి పెట్టమని ప్రార్థించేవారు మా ఊళ్లో ఇప్పటికీ కొందరున్నారు, పేర్లు ఎందుకు. తోసే ఆ గుంటకు నడుము వంచి, "ఇక నా వంతు తల్లీ" అని, తన వంద అడుగులూ తాను తొక్కింది. అలా ఒకరి తర్వాత ఒకరుగా వారిద్దరూ కనుమ ఎక్కి దిగారు. అవతలి ఊళ్లో పొద్దు కొండ చాటుకు పోతుండగా తోసే గడపలో అడుగుపెట్టింది. కషాయం చెంచా చెంచాగా పోసింది. మొదటి చెంచా నిలవలేదు. ఐదో చెంచా నిలిచింది. రియో కళ్లు తెరిచి, "అక్కా, ఎవరి వెనక వచ్చావు?" అని అడిగింది.

ఇక్కడ మా ఊళ్లో మధ్యాహ్నానికి మగవాళ్లు తోసే జాడ చూసి, సిగ్గుపడి, వెంటబడ్డారు. ఐదో మలుపునుంచి వంద అడుగులు కంజికి గుర్తులు, వంద అడుగులు ఆ బాట. చోస్కె మూడుసార్లు లెక్కపెట్టాడు. కనుమ శిఖరాన దారి నడుమ నల్లమట్టి గొయ్యి ఉంది, రాయి లేదు. ఆ రాయి దారి అంచున, పక్కకు తప్పుకున్న మనిషిలా, కొంచెం ముందుకు వంగి నిలబడి ఉంది. అది చూసి గెన్‌బెయి వరుసలోంచి తప్పుకుని, నడుము వంచి, "చోస్కె, మీ వంతు" అన్నాడు. "కాదు బాబాయ్, మీరే ముందు" అన్నాడు చోస్కె. అందరికంటే వెనక నడిచే గౌరవం ఎవరిదన్న ఆ తగాదా ఆ రెండు ఇళ్ల మధ్య ఇంకా తేలలేదు.

వసంతంలో రియో తన కాళ్లమీద నడిచి కనుమకు వచ్చి, అక్క తొడిగిన కంజికి జతను ఆ రాయికి కట్టింది. నాటినుంచి ఆ తల్లిని దారి ఇచ్చిన దేవత అంటున్నాం. ఏటా తోసే కనుమ ఎక్కిన రోజున రెండు ఊళ్లవారూ వందేసి అడుగులు తొక్కుతూ ఎక్కి, కొత్త జత కడతారు; మొదటి వంతు మగదిక్కు లేని ఇంటిది. రాయి ఇప్పటికీ అలాగే దారి అంచున వంగి ఉంది. మిగతా రోజుల్లో ఆ కొండ ఒంటరిగా ఎక్కేవారు కూడా, వెనక ఎవరూ లేరని తెలిసినా, వందో అడుగున తప్పుకుని, నడుము వంచి, నాలుగు ఊపిరులు ఆగుతారు.