చారెడు మట్టి

చీనా దేశం వెళ్లొచ్చిన నిష్క్రియానందుడు ఒక రాజుగారికి గురువై కూర్చున్నాడు. "ఏమీ చెయ్యకపోవడమే జ్ఞానం. నీటిని చూడండి, తన దారి తానే వెతుక్కుంటుంది," అనేవాడు. రాజు మురిసిపోయి, చెరువు కట్టను ఇకమీదట ఎవరూ ముట్టుకోరాదని ఆజ్ఞ వేశాడు.

చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి ఓబన్న ఆ ఆజ్ఞ విని కట్ట మీదికి పరుగెత్తాడు. కట్టలో ఎలుక బొక్క ఒకటి కారుతోంది. అది గండి పడితే ఊరి పైరు పోతుంది, తాను పార పడితే తల పోతుంది. బాగా ఆలోచించి, రాజు ఆశ్రమానికి వచ్చినప్పుడు ఆయన ఎదుటే గురువుగారి తాళపత్రాలు నెత్తికెత్తుకున్నాడు.

"ఎక్కడికిరా అవి?" అన్నాడు గురువు.

"గుట్ట మీదికి స్వామీ. నీళ్లు దారి వెతుక్కున్నాయి. కట్ట దిగగానే మొదట తగిలేది మీ ఆశ్రమమే. తమరు చెప్పినట్టే నేనేమీ అడ్డుపడను."

గురువు గబుక్కున లేచాడు. "మహారాజా, చారెడు మట్టి వెయ్యడాన్ని పని అనరు," అన్నాడు.

రాజు నవ్వాపుకుని తలూపాడు. ఓబన్న పరుగున పోయి బొక్క పూడ్చి వచ్చాడు.

"మీ చదువు గొప్పదే స్వామీ," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "రోజూ పొద్దున్నే చారెడు మట్టి వేస్తే, మిగతా పొద్దంతా ఏమీ చెయ్యక్కర్లేదు. ఆ మొదటి సగం చీనాలో గురువులు చెప్పేటప్పుడు తమరు కునుకు తీసినట్టున్నారు."