అయిదు తోకల రాజుగారి నాటకం

కొండవాగు మలుపు తిరిగే చోట ఒక పాత ఇటుకబట్టీ ఉండేది. మనుషులు దాన్ని ఎప్పుడో వదిలేసి పోయారు. చుట్టూ మోకాలెత్తు గోడలు, మధ్యలో చదునైన నేల. పొద్దు వాలేసరికి చుట్టుపక్కల జంతువులన్నీ అక్కడ చేరి, ఎవరి చేనుకు కంచె విరిగిందో, ఎవరి పాదులో దోసకాయలు పండాయో చెప్పుకునేవి.

ఆ గుంపులో నీలవేణి అనే గేదె ఒకతి. మాట తక్కువ, నెమరు ఎక్కువ. అందుకని దానికి బుర్ర లేదని అందరూ అనుకునేవారు. నరహరి అనే నక్క అయితే ఆ మాట నలుగురిలోనూ అనేవాడు.

"దున్నపోతు మీద వాన అంటారు గానీ, మన నీలవేణి మీద వడగళ్లు పడ్డా తెలీదు!"

అందరూ నవ్వేవారు. నీలవేణి నెమరేస్తూ ఊరుకునేది.

మధ్యాహ్నాలు మాత్రం నీలవేణి వాగులో దిగి, కూర్మయ్య అనే ముసలి తాబేలు పక్కన పడుకునేది. కూర్మయ్య ఒక నవల రాశాడు. టేకాకుల మీద ముల్లుతో ఇరవై ఏళ్లు గీశాడు. అయిదు తోకలు మొలిచిన ఒక రాజు కథ అది. రాజు ఒకటి చెప్తే తోకలు ఇంకొకటి చేస్తాయి. అందులో ఎగిరే రోలుంది, అలిగే గరిటె ఉంది, నలభైమంది పాత్రలున్నారు. రోజుకు రెండాకులు చదివి వినిపించేవాడు.

ఒకరోజు చదవడం ఆపి నిట్టూర్చాడు. "నవ్వించాలనే రాశానే తల్లీ. ఇన్నేళ్లలో ఒక్కరు నవ్వగా వినలేదు."

"నేను నవ్వుతూనే ఉన్నా కదా తాతా!"

"నువ్వా? ఎప్పుడు?"

"రోజూ. లోపల్లోపల."

"లోపలి నవ్వు నాకెలా వినపడుతుందే పిచ్చిదానా!"

ఆ మాట నీలవేణికి గుచ్చుకుంది. ఆ సాయంత్రం నెమరు కూడా వేయకుండా ఆలోచించింది. మర్నాడు బట్టీ దగ్గర ఎన్నడూ లేనిది గొంతు విప్పింది.

"కూర్మయ్య తాత నవలని నాటకం వేద్దాం."

అందరూ తిరిగి చూశారు. గంగులు అనే గాడిద చెవులు నిక్కించాడు. చుక్కి అనే ఉడుత గోడ మీంచి దిగొచ్చింది. లచ్చన్న అనే కోతి కొమ్మ మీదే కూర్చుని అడిగాడు.

"నలభైమంది పాత్రలన్నారే. మనం ఎంతమందిమి?"

"మనం నలుగురం."

"మరి?"

"పిండి కొద్దీ రొట్టె. ఒక్కొక్కరం పదేసి వేషాలు కడదాం."

"రోలు ఎగరాలి కదక్కా?" అంది చుక్కి.

"సొరకాయ బుర్రకి నల్లరంగు పూసి తాడు కడదాం. లచ్చన్న కొమ్మ మీంచి ఊపుతాడు. ఉరుములకి గంగులు మామ గొంతు చాలదూ?"

గంగులు పొంగిపోయాడు. పుట్టి ఇన్నేళ్లయినా అతని గొంతు పనికొస్తుందన్నవాళ్లు లేరు. అక్కడికక్కడే ఓండ్రపెట్టి చూపించాడు. కొంగలు రెండు బెదిరి లేచిపోయాయి.

చిక్కల్లా తెర దగ్గరొచ్చింది. తెర లేకపోతే వేషాలు మార్చుకునేదెక్కడ? ఆ చుట్టుపక్కల తెరకి పనికొచ్చే బట్ట ఒకటే ఉంది. సంతకెళ్లే బండి మీంచి జారిపడ్డ ఎర్ర దుప్పటి. అది నరహరి దగ్గరుంది.

"ఇస్తాను, ఇవ్వకేం!" అన్నాడు నరహరి. "కాకపోతే రాజు వేషం నాది."

"నీదే అన్నా," అంది నీలవేణి.

పది రోజులు సాధన జరిగింది. చుక్కి గడ్డితో కిరీటం అల్లింది. పాడుపడ్డ ఇటుకలు పేర్చి సింహాసనం చేశారు. దుప్పటికి ఎలుకలు కొట్టిన చిల్లులు నాలుగుంటే, వాటిని సింహాసనం వెనక్కి వచ్చేట్టు కట్టారు. రాజుకి ఉన్న తోక ఒకటి. మిగిలిన నాలుగూ కావాల్సినప్పుడు నలుగురూ వచ్చి, ఆ చిల్లుల్లోంచి తమ తోకలు పెట్టాలి. ఆ ఉపాయం నీలవేణిదే. కూర్మయ్య రోజూ వచ్చి ముందు వరసలో కూర్చుని, "బావుంది, ఆ మాట ఇంకాస్త లాగి అను" అని దిద్దేవాడు. గంగులు తనకొచ్చిన పెద్ద మాటని మేత మేస్తున్నా, నీళ్లు తాగుతున్నా వల్లించుకునేవాడు. "మహారాజా, రోలు ఎగిరిపోతోంది! మహారాజా, రోలు ఎగిరిపోతోంది!"

ఆట రోజు వచ్చింది. మధ్యాహ్నానికే గోడల మీద చోటు లేదు. కుందేళ్లు పిల్లాజెల్లాతో వచ్చాయి. అడవిపంది పెద్దమ్మ తన పదకొండుమంది మనవల్ని వరసగా కూర్చోబెట్టింది. ముళ్లపందికి మాత్రం అటూ ఇటూ బోలెడు జాగా వదిలారు.

అప్పుడు నరహరి నలుగుర్నీ తెర వెనక్కి పిలిచాడు.

"ఆటని కాస్త చక్కబెట్టాను. నలభై పాత్రలుంటే చూసేవాళ్లకి తల తిరుగుతుంది. రోలూ వద్దు, గరిటే వద్దు. కథంతా రాజే చెప్తాడు."

"మరి మేమో?" అన్నాడు గంగులు.

"తోకలు. మొదటి నుంచి చివరిదాకా చిల్లుల్లోంచి తోకలు పెట్టి నిలబడండి. మాటలేం లేవు. తోకలకి నోరెక్కడిది?"

గంగులు ముఖం వాడిపోయింది. "పది రోజుల్నుంచి వల్లిస్తున్నానయ్యా ఆ ఒక్క మాటా..."

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట! ఇష్టం లేదంటే చెప్పండి. నా దుప్పటి నేను విప్పుకుని పోతాను. బయట వాళ్లకి మీరే జవాబు చెప్పుకోండి."

లచ్చన్న పళ్లు నూరాడు. చుక్కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నీలవేణి మాత్రం నింపాదిగా దవడలు ఆడించింది.

"అలాగే అన్నా. తోకలుగానే ఉంటాం."

నరహరి కిరీటం సర్దుకుంటూ ముందుకెళ్లాడు. మిగిలిన ముగ్గురూ నీలవేణి మీద పడ్డారు.

"నీకేమైనా మతిపోయిందా అక్కా?"

"మెల్లగా! తాత నవల్లో తోకలు మాట్లాడతాయా?"

"మాట్లాడవు."

"రాజు మాట వింటాయా?"

చుక్కి తటాలున కళ్లు తుడుచుకుంది. లచ్చన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గంగులుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది గానీ, అర్థమయ్యాక ఓండ్ర రాకుండా పెదవి కొరుక్కోవలసి వచ్చింది.

ఆట మొదలైంది. నరహరి సింహాసనమెక్కి, తొడ చరిచి, గొంతు పెంచాడు.

"మేము అయిదు తోకల మహారాజులం! మా ఆజ్ఞ లేనిదే మా తోక వెంట్రుకైనా కదలదు!"

వెనక నాలుగు తోకలూ ఒక్కసారిగా గిర్రున తిరిగాయి.

పందిపిల్లలు కిచకిచమన్నాయి. నరహరి అది తన గొంతు మహిమే అనుకున్నాడు. రాజన్నవాడు వెనక్కి చూడకూడదని అతని పట్టుదల.

"మేము అబద్ధమాడి ఎరగం!"

గాడిద తోక అటూ ఇటూ ఊగింది, అబ్బే అబ్బే అన్నట్టు.

కుందేళ్లు పొట్టలు పట్టుకున్నాయి. నరహరి ఛాతీ ఇంకాస్త ముందుకొచ్చింది.

"ప్రజల కోసం మేము తిండి మానేశాం! పచ్చిమంచినీళ్లయినా ముట్టం!"

కోతి తోక పాములా జారి, సింహాసనం పక్కన రాజుగారికని పెట్టిన బుట్టలోంచి రేగుపండు ఒకటి తీసుకుని తెర వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తీసుకుంది. మూడోసారి బుట్టనే లాక్కుపోయింది. బట్టీ దద్దరిల్లింది.

"ఈగ కూడా మా మీద వాలడానికి భయపడుతుంది!"

గేదె తోక లేచి అతని చెవి మీద ఫట్టుమని కొట్టింది.

నరహరి నిజంగానే ఈగ అనుకుని చెవి దులుపుకున్నాడు. అడవిపంది పెద్దమ్మ నవ్వలేక గోడ మీంచి వెనక్కి పడిపోయింది. మనవలు లేపి కూర్చోబెడితే మళ్లీ పడింది.

నీలవేణి మెడ తిప్పి, తెర అంచు పక్కనుంచి ముందు వరస కేసి చూసింది. కూర్మయ్య తల కనపడలేదు. తల, కాళ్లు అన్నీ డిప్పలోకి లాగేసుకున్నాడు. తన నవలని పాడుచేశారని నొచ్చుకున్నాడేమో! ఆట ఆపేద్దామా అనుకుంది. ఇంతలో ఆ డిప్ప కుదుపులు కుదుపులుగా ఎగరడం చూసింది. లోపల తాత నవ్వి నవ్వి ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. నీలవేణి తోకకి కొత్త హుషారొచ్చింది.

అప్పుడే ఉడుత తోక కుచ్చులా విచ్చుకుని మహారాజు ముక్కు కింద నిమిరింది. మహారాజు పెద్ద తుమ్ము తుమ్మాడు. తుమ్ము ఊపుకి తల వెనక్కి తిరిగింది. ఎదురుగా కోతి తోక, దాని కొసన ఒక రేగుపండు. నాలుగు తోకలూ దొరికిపోయిన దొంగల్లా గాల్లో బిగుసుకుపోయాయి.

జరిగిందంతా నరహరికి తెలిసొచ్చింది. ఒళ్లు మరిచి అరిచాడు.

"ఓసి మీ తోకలు తెగిపోను! నవ్వులన్నీ మీకా? ఈ తెర నాది! ఆట నాది!"

రెండు చేతులా దుప్పటి పట్టుకుని లాగాడు. దుప్పటి ఊడొచ్చి అతని మీదే పడింది. వెనకనున్న నలుగురూ జనానికి వీపులు పెట్టి, తోకలెత్తి అలాగే నిలబడిపోయారు. గోడల మీది జనం లేచి గంతులేశారు. ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు వాళ్లు.

దుప్పటి కింద నరహరి ఎటు పాకినా దారి దొరకలేదు. నీలవేణి నెమ్మదిగా తిరిగి, మూతి దగ్గర పెట్టి గుసగుసలాడింది.

"అన్నా, తాత రాసిన చివరి మాట ఒకటుంది. అది రాజుదే. అది అన్నావంటే చప్పట్లు. కోప్పడి పోతే అందరికీ ఇది నాటకం కాదని తెలిసిపోతుంది. ఏం చేస్తావో నీ ఇష్టం."

దుప్పటి అంచు పైకి లేచి, కిరీటం చెవి మీదికి జారిన తల ఒకటి బయటికొచ్చింది. నరహరి మింగలేక కక్కలేక అన్నాడు.

"తోకల్లారా... నాదే తప్పు. ఇక మీరు ఎటు ఊగితే అటే నా నడక."

చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, వాగు అవతల మేస్తున్న మేకలు కూడా ఏమిటా అని చూడటానికొచ్చాయి.

జనమంతా సింహాసనం చుట్టూ మూగారు. కూర్మయ్యని కుందేళ్లు ఎత్తుకోబోయి, బరువుకి ఆగలేక చుట్టూ తిరిగి ఆడాయి. కూర్మయ్య కళ్లు తుడుచుకుంటూ నీలవేణితో, "ఇవాళ విన్నానే తల్లీ, చెవుల నిండా విన్నాను," అన్నాడు. గంగులు తోకని పందిపిల్లలు వంతులవారీగా ముట్టుకుని చూశాయి.

అడవిపంది పెద్దమ్మ నరహరి దగ్గరికొచ్చింది.

"ఏం నటించావయ్యా! ఆ కోపం అచ్చం నిజం కోపంలాగే ఉంది సుమా!"

"అ... అవునవును. నటనే," అన్నాడు నరహరి.

"వచ్చే ఆదివారం మా అక్కచెల్లెళ్లందర్నీ తీసుకొస్తా. రోలు, గరిటె కూడా ఉన్నాయటగా, అన్నీ చూపించాలి. నువ్వు మాత్రం ఆ దుప్పటి ఇలాగే మీదేసుకుని పడాలి. అదే నాకు బాగా నచ్చింది."

నరహరి నీలవేణి కేసి చూశాడు. నీలవేణి తాపీగా నెమరేస్తోంది.

ఆ ఆదివారమే కాదు, వాన కాలం వచ్చేదాకా ప్రతి ఆదివారమూ ఆట జరిగింది. ప్రతి ఆటలోనూ నరహరి తన దుప్పటి తానే లాక్కుని, తానే దాని కింద పడి, తోకలకి క్షమాపణ చెప్పుకున్నాడు.

తెర ఒకరిదైతే కావచ్చు గానీ, ఆట అందరిదీ.