ఓబన్న గారెలు, రాజుగారి గుండెమంట

పైడిపురం రాజు వీరమార్తాండుడికి గుండెల్లో మంట పట్టుకుంది. రోజూ మధ్యాహ్నం సుష్టుగా భోంచేసి, చెయ్యి కడుక్కుని, అలాగే పట్టెమంచం మీద వాలిపోయేవాడు. కాసేపటికే పుల్లటి తేన్పులు గొంతుదాకా తన్నుకొచ్చేవి.

ఒకరోజు కొలువులో ఛాతీ రాసుకుంటూ ఉరిమాడు. "ఈ మంట ఎవరి వల్ల?"

ఆస్థాన వైద్యుడు శరభాచార్యులు మీసం దువ్వాడు. "నా చూర్ణానికి తిరుగులేదు ప్రభూ. తప్పంతా వంటవాడు ఓబన్నది. వాణ్ణి పొలిమేర దాటించండి."

ఓబన్న గడగడలాడాడు. అతనికంటే ఎక్కువ వణికింది విదూషకుడు దోనప్ప. రాజుగారి పంక్తిలో కూర్చుని రోజూ పద్నాలుగు గారెలు లాగించేది తనే మరి! ఓబన్న పోతే గారెలూ పోతాయి. పైగా ఆ మంట తనకూ ఉంది. రాజుతో పోటీగా తేన్చగల మొనగాడు రాజ్యంలో తనొక్కడే.

"వారం గడువివ్వండి ప్రభూ. మంట తగ్గకపోతే ఓబన్నతోపాటు నన్నూ తరిమేయండి," అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. తన మంటే తగ్గించుకోలేనివాడు రాజు మంట ఏం తగ్గిస్తాడు?

దిగులు పుడితే దోనప్పకు ఆకలి రెట్టింపవుతుంది. ఇంటికెళ్లి విస్తరి ముందు కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, గేదె పలుపు తెంపుకుంది. లేచి పరిగెత్తాడు. ఊరంతా తిరిగి దాన్ని పట్టుకొచ్చి మళ్లీ కూర్చోబోతే, భార్య సింగారమ్మ విస్తరి తీసేసింది.

"లేచిన విస్తట్లో మళ్లీ కూర్చుంటారా ఎవరైనా?"

తిట్టుకుంటూ నడుం వాల్చాడు. ఎంత ఎదురుచూసినా మంట రాలేదు!

మర్నాడు రాజు మూడో విడత గారెలకు విస్తరి చూపించగానే, దోనప్ప సైగ చూసి వాకిట్లో వందిమాగధుడు గొంతెత్తి రాజుగారి బిరుదులు అందుకున్నాడు. బిరుదులు చదువుతుంటే రాజు నిలబడి తీరాలి. తాతగారు పెట్టిన ఆచారం. రాజు లేస్తే పంక్తంతా లేవాలి. బిరుదులేమో నూట ఎనిమిది! అవి పూర్తయ్యేసరికి కొలువు వేళయింది. అయిదో గారె దగ్గరే లేచిన దోనప్ప కళ్లు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు.

రోజూ ఇదే తంతు. ఏడోరోజు రాజు నిండుకొలువులో ఛాతీ తడిమి చూసుకున్నాడు. "మంట మాయమైంది! ఎవరి చలవ ఇది?"

"నా చూర్ణానిదే ప్రభూ!" శరభాచార్యులు ముందుకు దూకాడు.

"అయితే రేపు బిరుదులు ఆపిద్దాం ఆచార్యా," అన్నాడు దోనప్ప. "ప్రభువులు కడుపారా తిని, మీ చూర్ణం వేసుకుని పడుకుంటారు. మంటొస్తే పొలిమేర దాటేది మీరు."

వైద్యుడి మీసం వాలిపోయింది. "అబ్బే... అంత తిని వెంటనే పడుకుంటే ఏ చూర్ణం మాత్రం ఏం చేస్తుంది?"

రాజు కనుబొమలు ముడిచాడు. "అంటే తప్పు ఓబన్నది కాదా?"

దోనప్ప తన బొజ్జ నిమురుకున్నాడు.

"వంట ఓబన్నది ప్రభూ. మంట మనిద్దరిదీ!"

రాజు ఒక్క క్షణం తన బొజ్జ వైపు చూసుకుని పకపకా నవ్వేశాడు. ఓబన్నకు కడియం తొడిగి, "నీకేం కావాలో కోరుకో దోనప్పా," అన్నాడు.

"నాకూ ఓ వంద బిరుదులు, చదివేందుకు ఓ మనిషిని ఇప్పించండి ప్రభూ. నన్ను విస్తరి ముందునుంచి లేపడానికి మా గేదె రోజూ పలుపు తెంపుకోదు!"

కొలువంతా గొల్లుమంది. రాజు అక్కడికక్కడే మొదటి బిరుదు ప్రకటించాడు: "గారెల గండరగండ!"