ఆకుపచ్చ సంచి

నాగూరమ్మ బరువు ఆ నెల మరో రెండు కిలోలు తగ్గింది. ముల్లు ముప్ఫయ్యారు దగ్గర ఆగేసరికి యాసీన్ కాటాని రెండుసార్లు తట్టి చూశాడు. పాపం, కాటా తప్పేం లేదు.

హైవే పక్కన గుట్ట కింద ఉన్న దర్గాలో యాసీన్ ఖలందర్ బాబాకి శిష్యుడు. శిష్యుడు కాకముందు పదేళ్లు మందుల షాపులో పనిచేశాడు. అందుకని ప్రతి గురువారం దర్గా వసారాలో వేసే మందుల బల్ల అతని చేతికొచ్చింది. ఆ రోజు నర్సమ్మ వచ్చి బీపీ, షుగరు చూస్తుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి పెద్దాసుపత్రి నుంచి వచ్చే నెల మాత్రలూ అక్కడే ఇస్తారు. ఏ మాత్ర ఎవరిదో నర్సమ్మకీ యాసీన్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ విషయంలో అతన్ని వేలెత్తి చూపేవాడు లేడు.

నాగూరమ్మ పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు ఏరే కూలీ. భర్త ఇదే జబ్బుతో పోయాడు. ఇంట్లో ఎనిమిదేళ్ల కూతురు ఉంది. ఆమె తెచ్చిన మాత్రల డబ్బా సగం నిండుగానే ఉంది. యాసీన్ దాన్ని ఆమె ముందే గలగలలాడించాడు.

"ఖాళీ కడుపున మింగితే కళ్లు తిరుగుతున్నయ్ సాయిబూ. పనికి పోలేకపోతన్నా," అందామె.

"అందుకే గదమ్మా తిండి కూడా ఇస్తున్నాం. వెనక షెడ్డులో సంచి ఉంటే తీసుకుపోవు. నీ ప్రాణం నీకు అక్కర్లేకపోతే మేమేం చేస్తాం?"

నాగూరమ్మ నేల చూసింది. కొంగు భుజం నిండా కప్పుకుని సంచి తీసుకోకుండానే వెళ్లిపోయింది.

హెచ్ఐవీ ఉన్నవాళ్లకి మాత్రమే ఇచ్చే ఆ సంచులంటే యాసీన్‌కి ప్రాణం. ఊరూరా తిరిగి, దాతల గుమ్మాలెక్కి, రాగిపిండీ కందిపప్పూ వేరుశనగ ఉండలూ కూడబెట్టాడు. టైలర్ చేత మంచి ఆకుపచ్చ గుడ్డతో సంచులు కుట్టించి, మీద తెల్లటి అక్షరాలతో దర్గా పేరు వేయించాడు. ఆ జబ్బున్న వాళ్లని ఎవరూ చూడకూడదని దర్గా వెనక విడిగా షెడ్డు కూడా వేయించాడు. మొదటి గురువారం షెడ్డుకి ఇరవైమంది వచ్చారు. మూడో గురువారానికి నలుగురే మిగిలారు.

యాసీన్ ఉక్రోషంగా గురువు దగ్గరికి వెళ్లాడు. ఖలందర్ బాబా వంటసాల అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి, వేళ్లు వణుకుతాయి, అయినా ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. శిష్యుడు చెప్పిందంతా విన్నాడు. మందు ఇస్తున్నామనీ, తిండి ఇస్తున్నామనీ, వాళ్లకే బతుకు మీద ఆశ లేదనీ యాసీన్ చెప్పి చెప్పి అలిసిపోయాక, ఒక సంచి తెమ్మన్నాడు. లోపలి సరుకు తీసి పక్కన పెట్టించాడు.

"టౌనుకి వెళ్లి మజార్ మీదకి మల్లెపూలు తీసుకురా బేటా. ఇందులో తేవాలి."

సమాధి మీద వేసే పూలకి బుట్ట ఉంది. అయినా గురువు మాటకి ఎదురు ప్రశ్న వేసే అలవాటు యాసీన్‌కి లేదు. సంచి భుజాన తగిలించుకుని షేర్ ఆటో ఎక్కాడు.

పదిమందిని కుక్కే ఆటో అది. యాసీన్ పక్కనున్న ముసలామె సంచి మీది తెల్ల అక్షరాల వంక చూసి, మనవరాలిని ఈ తొడ మీంచి ఆ తొడ మీదకి మార్చుకుని, అవతలికి ఒదిగింది. తర్వాత ఎక్కినవాళ్లు డ్రైవర్ పక్కన వేలాడారే గాని అక్కడ కూర్చోలేదు. ఆ ఆటోలో యాసీన్‌కి జమీందారు కూర్చునేంత చోటు దొరికింది.

టీ కొట్టువాడు అందరికీ గాజు గ్లాసులో పోసి, అతనికి మాత్రం కాగితం కప్పు వెతికి తెచ్చాడు. పూలమ్మే ఆమె సంచికి చెయ్యి తగలకుండా పూలు పైనుంచి జారవిడిచింది. చెడ్డ మనిషేం కాదు, రెండు మూరలు ఎక్కువే వేసింది.

"పిల్లలున్నారా నాయనా?" అని మెల్లిగా అడిగింది.

యాసీన్ చిల్లర కూడా తీసుకోకుండా అక్కణ్ణుంచి కదిలాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కలేదు. నాలుగు మైళ్లూ ఎండలో నడిచాడు. దర్గా చేరి, తలగుడ్డలో మూటకట్టిన పూలు గురువు ముందు పెట్టాడు.

"సంచి ఏదీ?" అన్నాడు బాబా.

యాసీన్ చొక్కా కిందనుంచి మడత పెట్టిన సంచి తీశాడు. అది తానే దాచానని అప్పుడే తెలిసినట్టు దానివంక చూస్తూ ఉండిపోయాడు. బాబా వెల్లుల్లి ఒలుస్తూనే ఉన్నాడు.

"వాళ్లని ఎవరూ చూడకూడదనే వెనక పెట్టాను హజ్రత్," అన్నాడు చివరికి.

"వెనక పెడితేనే బేటా, అందరూ మెడలు తిప్పి చూసేది."

మరుసటి గురువారం షెడ్డుకి తాళం పడింది. మందుల బల్ల పక్కనే, వసారాలో, దర్గా విందు కందూరుకి వండే పెద్ద డేగిశా పొయ్యెక్కింది. బీపీ వాళ్లూ షుగరు వాళ్లూ చూలింతలూ పొడిదగ్గు ముసలాళ్లూ అందరూ ఒకే బంతిలో కూర్చోవాలన్నాడు బాబా. తిన్నాక సరుకు ఇంటికి కావాల్సినవాళ్లు ఎవరి సంచి వాళ్లు తెచ్చుకోవాలి. ఇంతమందికి ఎక్కడ సరిపోతుందని యాసీన్ అడిగాడు. కందూరుకి ఎవరెవరొస్తారో ముందే పేర్లు రాసుకుని వండుతామా అని బాబా నవ్వాడు. ఆ మాటకి యాసీన్ మళ్లీ దాతల గుమ్మాలు ఎక్కాడు.

నాగూరమ్మ గడప అవతలే నిలబడింది. బాబా తన పక్క చాప తట్టి పిలిచాడు. ఆమె వచ్చి కూర్చుంది. ఆయన ఆమెకేసి చూడను కూడా లేదు. నాలుగు ముద్దలు పప్పన్నం తిని, జేబులోంచి తన బీపీ మాత్ర తీసి, అందరూ చూస్తుండగా మింగి, సగం నీళ్లున్న తన గ్లాసు పక్కకి జరిపాడు.

నాగూరమ్మ ఆ గ్లాసు వంక చాలాసేపు చూసింది. కొంగు ముడి విప్పి మాత్ర తీసింది. ఆయన తాగిన నీళ్లతోనే మింగింది. ఎవరూ తల తిప్పలేదు, ఆ బంతిలో సగంమంది అదే పనిలో ఉన్నారు. అన్నం వడ్డిస్తున్న యాసీన్‌కి కళ్లు నీళ్లతో నిండి విస్తళ్లు ఆనలేదు.

"ఇంకాస్త పెట్టు సాయిబూ," అంది నాగూరమ్మ.

మూడు నెలలకి కాటా ముల్లు నలభై దాటింది. యాసీన్ ఈసారి కాటాని తట్టలేదు. బరువు చీటీ మీద రాసి, తిన్నగా వంటసాలకి వెళ్లాడు. చెప్పాల్సింది చాలా ఉన్నా, నోటికొచ్చింది మాత్రం మిగిలిపోయిన నలభై సంచుల సంగతే. వాటిని ఏం చెయ్యమంటారని అడిగాడు.

"డేగిశా దించడానికి మసిగుడ్డలు లేవని వంటాయన నెలనుంచీ పోరుతున్నాడు," అన్నాడు బాబా.

యాసీన్ కత్తెర తెచ్చుకుని ఆ అరుగు మీదే, గురువు పక్కన కూర్చున్నాడు.