చీవరం కుట్టిన రోజు

సిరినాగుకు ఏ పని మొదలుపెట్టినా పాలపొంగే. పొంగినంతసేపు ఎవరూ దగ్గర నిలవలేరు. తర్వాత చూస్తే గిన్నెలో సగం ఉండదు.

సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ మీది విహారంలో అతనొక భిక్షువు. కింద రేవులో ఓడ సరుకుల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు. కాషాయం కట్టిన తొలి ఏడాది, సూత్రాలన్నీ కంఠస్థం చేస్తానని కనబడినవాళ్లందరికీ చెప్పాడు. తెల్లవారకముందే లేచి కొండ దద్దరిల్లేలా వల్లించేవాడు. వానలు సగమయ్యేసరికి గొంతు తగ్గింది. వానలు వెలిసేసరికి అసలు వినబడలేదు. మరుసటి ఏడు ధ్యానం పట్టుకున్నాడు. ఒంటరిగా గుహలో ఉంటానని చాప, భిక్షాపాత్ర మోసుకుపోయాడు. కొన్నాళ్లకు చాపతో తిరిగొచ్చాడు, పాత్ర అక్కడే మరిచిపోయాడు. ఆ తర్వాత మూలికల తోట అన్నాడు. దానికి కంచె బ్రహ్మాండంగా కట్టాడు. మొక్కలు మాత్రం నాటలేదు.

ఎవరూ ఏమీ అనలేదు. అతని బాధంతా అదే.

వానాకాలమంతా భిక్షువులు ఎక్కడికీ కదలకుండా ఒకేచోట ఉంటారు. వానలు వెలిశాక ఒకరోజు అందరూ ఒకచోట చేరతారు. ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని, చేతులు జోడించి, నాలో మీరు చూసిన తప్పు గానీ విన్న తప్పు గానీ ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను అని తక్కినవాళ్లను అడగాలి. చెప్పవలసినవాళ్లు చెబుతారు. ఆ ఏడు ఒకరికి భోజనం దగ్గర మాటలెక్కువని చెప్పారు. ఇంకొకరికి చీపురు ముట్టుకోరని చెప్పారు. వాళ్లు తల వంచి ఒప్పుకున్నారు.

సిరినాగు వంతు వచ్చింది. అడగవలసిన మాటలు అడిగి కళ్లు మూసుకుని కాచుకున్నాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఒట్టి ఆరంభశూరుడివి అని ఎవరైనా అని ఉంటే ఏడ్చి తేలికపడేవాడు. వీళ్లు నా మీద ఆశ వదిలేసుకున్నారు అనుకున్నాడు. ఆ ఆలోచన పక్కలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రం గురువు దగ్గరికి వెళ్లాడు. ఆయన పేరు ధర్మపాలితుడు, విహారంలో అందరికీ పెద్దాయన. పెద్దాయన అప్పుడు గచ్చు మీద రాలిన ఆకులు ఊడుస్తున్నారు.

“భంతే, నేను కిందికి వెళ్లిపోతాను” అన్నాడు సిరినాగు. పెద్ద భిక్షువుల్ని వాళ్లు అలాగే పిలుస్తారు, మనం అయ్యా అన్నట్టు.

పెద్దాయన ఊడవడం ఆపలేదు. సిరినాగు ఆయన వెనకాలే తిరుగుతూ తన గోడు వెళ్లబోసుకున్నాడు. తక్కినవాళ్లు ఒక పని పట్టుకుంటే ఏళ్ల తరబడి అలాగే చేసుకుపోతున్నారనీ, తనకు మాత్రం ఏదైనా మూన్నాళ్ల ముచ్చటేననీ చెప్పాడు. తనకు సోమరితనం లేదు, మొదలుపెట్టినప్పుడు నిజంగానే మనసు ఉప్పొంగుతుంది, ఆ ఉప్పొంగు ఎక్కడికి పోతుందో తెలియడం లేదు. ఇలాగే ముసలివాణ్ణయిపోయి, ఏదీ పూర్తిచేయకుండా చచ్చిపోతానేమోనని భయంగా ఉంది.

“ఉత్సాహం చల్లారకుండా ఉండే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి భంతే. లేదంటే కాషాయం విప్పేసి మా నాన్న దగ్గరికి పోతాను.”

“రేపు చీవరం కుట్టాలి. కుట్టు పని నువ్వు చూసుకో” అన్నారు పెద్దాయన.

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత నీ ఇష్టం.”

చీవరం అంటే భిక్షువులు ఒంటికి కప్పుకునే వస్త్రం. ఏటా వానలు వెలిశాక ఒకరోజు ఊరివాళ్లు తెల్లబట్ట తెచ్చి విహారానికి ఇస్తారు. ఆ బట్టను ఆ ఒక్క రోజులోనే ముక్కలు కోసి, వరిమళ్లకు గట్లు వేసినట్టు అతుకులు వేసి కుట్టి, పనస చెక్క కాచిన రంగులో ముంచి, ఆరబెట్టాలి. ఎవరి చీవరం బాగా చిరిగిపోయిందో వాళ్లకు కప్పాలి. ఆ రోజు పూర్తికాకపోతే ఆ ఏటికి ఇక లేనట్టే. అందుకే పెద్దా చిన్నా లేకుండా అందరూ చెక్క చట్రం చుట్టూ కూర్చుని కుట్టడం అక్కడి ఆనవాయితీ.

ఆ ఏడు చీవరం నందకస్వామికి ఇవ్వాలని అందరూ అనుకున్నారు. ఆయన ముసలి భిక్షువు, దగ్గు మనిషి. ఒంటి మీదున్న చీవరంలో అసలు బట్ట ఏదో అతుకు ఏదో ఆయనకే తెలియదు. శీతాకాలంలో ఆ కొండ మీద సముద్రపు గాలి ఈడ్చి కొడుతుంది. కిందటేడు చలికి ఆయన మంచం పట్టి లేచారు. మళ్లీ పడితే లేవరని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

సిరినాగుకు మళ్లీ పొంగు వచ్చేసింది. గురువు తనను నమ్మి పని అప్పగించారు కదా. ఆ సాయంత్రమే సూదులన్నీ రాతి మీద సానబెట్టాడు. ఇసుకలో గీతలు గీసి అతుకులు ఎలా రావాలో చూసుకున్నాడు. ఈ కొండ మీద ఇంతవరకు ఇలాంటి చీవరం పుట్టలేదనిపించాలి అని ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు. నా ఒంటి మీద ఎవరు చూడొచ్చారు నాయనా అన్నారు నందకస్వామి. సిరినాగు ఆ మాట వినిపించుకోలేదు.

పొద్దున ఊరివాళ్లు బట్ట తెచ్చి ఇచ్చి వెళ్లారు. భిక్షువులు కొలిచి ముక్కలు కోశారు. చట్రం మీద బిగించి, ఎప్పటిలాగే చుట్టూ కూర్చోబోయారు. సిరినాగు వాళ్లను ఆపాడు. పది చేతులు పడితే కుట్టు పది రకాలుగా వస్తుందనీ, ఒక్క చేత్తో కుడితేనే అందంగా ఉంటుందనీ, తనొక్కడే కుడతాననీ అన్నాడు.

ఇదెక్కడి పద్ధతి అని ఒకాయన పెద్దాయన వైపు చూశారు. పెద్దాయన రంగు కాగు దగ్గరికి వెళ్లి కర్రతో కలపడం మొదలుపెట్టారు. ఇంకేం చేస్తారు, అందరూ లేచి ఎవరి పని మీద వాళ్లు వెళ్లిపోయారు.

మొదటి వరుస చకచకా సాగింది. రెండో వరుస సగంలో ఉండగా సిరినాగు వెనక్కి వంగి చూశాడు. కుట్టు కొంచెం పక్కకు పోయింది. ఎవరూ పట్టించుకోనంత కొంచెం. అతనికి మాత్రం ఇంకేమీ కనబడలేదు. కుట్టంతా విప్పి మళ్లీ వేశాడు. ఈసారి బట్ట ముడుచుకుంది. మళ్లీ విప్పాడు. విప్పినకొద్దీ సూది పడిన చోటల్లా చిల్లులు మిగిలి, అంచు జల్లెడలా తయారైంది.

భోజనం గంట మోగింది. అతను వెళ్లలేదు. మధ్యాహ్నం దాటితే భిక్షువులు తినరు గనక ఆ రోజుకు ఇక తిండి లేదు.

ఎండ తిరిగింది. అప్పటికి చీవరం సగం కూడా కాలేదు. అప్పుడు వచ్చింది, అతనికి బాగా తెలిసిన ఆ నీరసం. కంఠస్థం మానేసిన పొద్దున వచ్చిందీ ఇదే, గుహలోంచి లేచి వచ్చేసినప్పుడు వచ్చిందీ ఇదే. పొద్దున అపురూపంగా కనిపించిన బట్ట ఇప్పుడు ఒట్టి గుడ్డపీలికలా ఉంది. సూది గుచ్చి లేచాడు. కొండ అంచుదాకా వెళ్లాడు. తిరిగొచ్చాడు. మంచినీళ్లు తాగాడు. కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. కాలుగాలిన పిల్లిలా చట్రం చుట్టూ తిరిగాడు గానీ చెయ్యి దాని మీదికి పోలేదు. కాగులో రంగు మరిగి మరిగి అడుగంటుతుంటే పెద్దాయన ఇంకో కడవ నీళ్లు పోశారు. గోడవారన ఎండపొడలో నందకస్వామి చిరుగుల చీవరం దగ్గరికి లాక్కుని కూర్చుని దగ్గుతున్నారు. సిరినాగు అటు చూడలేకపోయాడు.

చివరికి కాగు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“భంతే, అయిపోయింది.”

“చీవరమా?”

“కాదు. నా ఉత్సాహం.”

పెద్దాయన కలిపే కర్రను కాగు మీద అడ్డంగా పెట్టారు.

“సూది ఉందా?”

“ఉంది.”

“దారం?”

“ఉంది భంతే.”

ఆయన తడి చేతులు తుడుచుకుంటూ వెళ్లి చట్రానికి ఒక పక్కన కూర్చుని, ఇంకో సూది తీసుకుని కుట్టడం మొదలుపెట్టారు. పెద్దాయనకు చూపు మందగించి చాలా కాలమైంది. ఆయన వేసే కుట్టు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వరుస ఎటు పోవాలో అటు తప్ప అన్ని వైపులకూ పోతోంది.

సిరినాగు కాసేపు ఓర్చుకున్నాడు. ఆయన గురువు కాకపోయి ఉంటే చేతిలోంచి సూది లాక్కునేవాడు.

“వంకర పోతోంది భంతే.”

“అవును” అన్నారు పెద్దాయన. చెయ్యి మాత్రం ఆపలేదు.

పెద్దాయన కూర్చోవడం చూసి ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నారు. తర్వాత ఇంకొకరు. ఎవరినీ ఎవరూ పిలవలేదు. పొద్దున వద్దని పంపేసినందుకు ఒక్కరూ మాట అనలేదు. భోజనం దగ్గర మాటలెక్కువని అనిపించుకున్న భిక్షువు ఇక్కడా మాట్లాడుతూనే కుట్టాడు. నందకస్వామి కూడా లేచి వచ్చి, ఊరికే కూర్చోవడం దేనికని బట్ట కొస పట్టుకుని బిగించారు. చట్రం చుట్టూ అంతా నిండిపోయి ఒక్కచోట ఖాళీ మిగిలింది. సిరినాగు సూది గుచ్చి వదిలేసిన చోటు అది.

అతనికి సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ క్షణంలో కొండ దిగి పోవడమే తేలికగా ఉండేది. కాళ్లు అటు తిరిగాయి కూడా. కానీ నందకస్వామి మోచేతి దగ్గర పెద్ద చిరుగు ఉంది, ఆయన బట్ట లాగినప్పుడల్లా అది ఇంకొంచెం చీలుతోంది. సిరినాగు వచ్చి ఖాళీలో కూర్చున్నాడు.

కూర్చోగానే ఉత్సాహం తిరిగి వచ్చిందని చెబితే వినడానికి బాగుంటుంది. రాలేదు. కడుపులో ఆకలి నకనకలాడుతోంది, వేళ్లు మంట పుడుతున్నాయి, పక్కనున్నవాడి కబుర్లు చికాకు పెడుతున్నాయి. వేసిన ఏ కుట్టూ నచ్చలేదు. నచ్చకుండానే తర్వాతది వేశాడు. రెండుసార్లు విప్పాలని చెయ్యి లాగింది. విప్పే తీరిక లేదు, పక్కవాళ్ల వరుస తన వరుసను ఆనుకుని వచ్చేస్తోంది. అతను ఆగితే వాళ్లూ ఆగాలి.

అలాగే ఎప్పుడో అతుకులన్నీ కలిసిపోయాయి. ఎవరు చివరి ముడి వేశారో ఎవరూ చూడలేదు. బట్టను రంగులో ముంచి, పిండి, ఎండకు కాగిన బండ మీద పరిచారు. నలుగురు నాలుగు కొసలు పట్టుకుని గాలికి ఊపారు. పొద్దు వాలే వేళకు ఆరింది, అంచులు కొంచెం చెమ్మగా ఉన్నాయి. అందరూ సాధు సాధు అంటుండగా పెద్దాయన చీవరాన్ని నందకస్వామికి కప్పారు. ఆయన దాన్ని గడ్డందాకా లాక్కుని కళ్లు మూసుకున్నారు.

పెద్దాయన సిరినాగును దగ్గరికి పిలిచారు.

“ఇందులో నీ కుట్టు ఏది?”

సిరినాగు నందకస్వామి చుట్టూ తిరిగి వెతికాడు. రంగులో మునిగాక వరుసలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కొన్ని వంకర, కొన్ని తిన్నన. మొదట్లో విప్పి కుట్టిన అంచు కోసం చూశాడు. అదీ దొరకలేదు.

“కనిపించడం లేదు భంతే.”

“ఆయనకు చలి వేస్తోందా?”

సిరినాగు నందకస్వామి ముఖం వైపు చూశాడు. పొద్దుటినుంచి ఆ ముఖాన్ని సరిగ్గా చూడటం అదే మొదలు.

“లేదు భంతే.”

పెద్దాయన తలూపి వెళ్లిపోయారు. తక్కినవాళ్లు సూదులు ఏరి పెట్టి, చట్రం విప్పి లోపలికి తీసుకుపోయారు. పొయ్యి మీద రంగు కాగు ఒక్కటే మిగిలింది. సిరినాగు దాన్ని దించి, పక్కకు దొర్లించి, బూడిద, కొబ్బరిపీచు తెచ్చుకున్నాడు. పనస రంగు అడుగున కరుడు కట్టింది, అంత తొందరగా వదిలేది కాదు.

కాసేపటికి పెద్దాయన అటుగా వచ్చి ఆగారు.

“వెళ్లిపోతానన్నావు.”

“ఇంకా తోమడం అవలేదు భంతే.”

ఆయన వెళ్లిపోయారు. సిరినాగు తోముతూ ఉన్నాడు. మధ్యలో ఒకసారి విసుగొచ్చింది. తోముతూనే ఉన్నాడు.